బండమీద పాశం

అంబలి ముంత ఎట్లా పోయిందో అట్లాగే తిరిగొచ్చింది. నిండుగా ఉంది. మూతికి కట్టిన గుడ్డ ముడి కూడా విప్పలేదు.

తెల్లవారి తకియా తలుపు తీసిన మద్దిలేటికి గడప ముందర మొట్టమొదట కనిపించింది అదే. ఇట్లా జరగడం ఇది మూడోసారి. చిరాకూ వచ్చింది, లోపలెక్కడో భయమూ వేసింది.

తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు, ఫకీరు కూర్చునే చోటు. సుద్దగుట్టపల్లెకు పైన, గుట్ట వాలులో, రెండు అరుగులూ ఒక పంచా. అక్కడ ఖాసింతాత అనే ముసలి ఫకీరు నలభై ఏళ్ళుగా ఉంటున్నాడు. నీ దేవుడెవరని ఆయన ఎవర్నీ అడగలేదు, ఊరూ ఆయన్ని అడగలేదు. అట్లా సుఖంగా జరిగిపోయింది.

మద్దిలేటి ఆయన శిష్యుడు. శిష్యుడు కాకముందు మంచి సేద్యగాడు. గట్టుమీద నిలబడి చేను ఒక్క చూపు చూస్తే చాలు, కల్లంలో రాశి ఎంత ఎత్తు లేస్తుందో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. ఆ సంగతి ఊరికంతా తెలుసు. ఊరికంటే కాస్త ఎక్కువగా మద్దిలేటికి తెలుసు.

ఇక ముంత సంగతి.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. అంతకు ముందేడు అరకొర. దానికి ముందేడు పడాల్సినప్పుడు పడక, పంట కోతకొచ్చాక పడింది. మూడేళ్ళు వరసగా దెబ్బ తినేసరికి గాదెల్లో అడుగు కనిపిస్తోంది. తకియాలో ఉన్న కొర్రలతో తాత రోజుకొక పూట అంబలి కాచి, వచ్చినవాళ్ళకు లేదనకుండా పోస్తున్నాడు. ముంతలు పట్టుకుని ఊరంతా వస్తోంది. ఒక్క కంబగిరప్ప రాలేదు.

కంబగిరప్ప పెద్ద ఆసామేమీ కాదు. ఆరెకరాల మెట్ట, జత ఎద్దులు, అంతే. కానీ కల్లం రోజుల్లో అతని చేని పక్కగా పోయిన మనిషి ఉత్త చేతులతో పోయింది లేదు. పిలిచి మరీ చేట నిండా పోసేవాడు. అట్లాంటివాడు ఇప్పుడు ముంత పట్టుకుని వరసలో నిలబడాలంటే కాళ్ళు రాలేదు. సరే, మనమే తీసుకుపోదామని మద్దిలేటి ముంత పట్టుకుని వాళ్ళింటికి పోతే, తలుపు సగమే తీశాడు.

"మేము తినినాం సామీ."

"పొయ్యి రాజేసినట్టే లేదే, కంబగిరప్పా?"

"పెందలకాడే తినినాం."

గడపమీద అతని చిన్నకూతురు నాగి కూర్చుని ఉంది. ముగ్గురు బిడ్డల్లో ఆఖరుది, మూడేళ్ళది. చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. ముంత వైపు చూసింది. తర్వాత నాయన మొహం చూసింది. మళ్ళీ ముంత వైపు చూడలేదు.

మద్దిలేటి ఏం చేస్తాడు? ముంతను వాళ్ళ అరుగుమీద పెట్టి వచ్చేశాడు. తెల్లవారేసరికి అది ఇదిగో, ఇక్కడ.

"తాతా, ఆయప్పకేమన్నా తిక్కనా?" అన్నాడు ముంత ఎత్తుకుని లోపలికి వస్తూ. "ఆయప్ప కడుపు ఆయప్ప ఇష్టం. బిడ్డలేం చేసినారు? ఆ చిన్నదాని మెడ చూసినావా, జొన్నదంటు మాదిరి ఉంది. ఎట్లా పెట్టేది వాళ్ళకు? నువ్వే చెప్పు."

తాత ముంత ముడి విప్పి వాసన చూశాడు. పులిసిందని అంబలి కాచే దుత్తలో కలిపేశాడు. పంచలో నిలబడి, గుట్ట కింద ఊళ్ళో లేస్తున్న పొగల్ని కాసేపు చూశాడు. చూడడానికి ఎన్నో లేవులెండి. మూడో నాలుగో.

"సోమవారం వరదపాశం పెడదాం. ఊర్లో చెప్పిరా," అన్నాడు.

మద్దిలేటి తన చెవుల్ని తానే నమ్మలేదు.

వరదపాశం అంటే తెలియనివాళ్ళు ఉంటారు, చెప్పాలి. వాన పట్టకపోతే మెట్టపల్లెల్లో చేసుకునే మొక్కు అది. ఇంటికో పిడికెడు గింజలు పోగుచేస్తారు. సుద్దగుట్టపల్లెలో దానికొక పద్ధతి ఉంది. కుండ మూతికి గుడ్డ కప్పి తెస్తారు. గుడ్డ కిందికి చెయ్యి పెట్టి గింజలు వదలాలి. ఎవరెంత వేశారో పైవాడికి తప్ప ఇంకొకరికి తెలియకూడదు. అన్నీ కలిపి, ఇంత బెల్లం వేసి పాశం, అంటే పాయసం, కాచి, ఊరి బయట బండమీద పోస్తారు. ఊరంతా మోకాళ్ళమీద వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పాశాన్ని నాలుకతో నాకాలి. ఆకు లేదు, గిన్నె లేదు, వడ్డించేవాడు లేడు. మనుషులు అట్లా పశువుల్లాగా బండ నాకుతుంటే పైనున్న మబ్బుకు జాలి పుడుతుందని.

కానీ ఖాసింతాతకు ఇట్లాంటివి గిట్టవు. నలభై ఏళ్ళలో ఒక తాయెత్తు కట్టింది లేదు, ఒక దారం మంత్రించింది లేదు. వాన రావాలని కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతుంటే, "దానికి నీళ్ళు పోస్తే మంచిదే, పాపం దాహంగా ఉంటుంది" అని నవ్విన మనిషి. ఆయనకు ఇప్పుడేమొచ్చింది?

పైగా మద్దిలేటి దేశం తిరిగి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. రెండు నెలలు నడిచాడు. నాలుగు సీమలూ చూశాడు.

"తాతా, వాన మనకొక్కరికే లేకుంటే బతిమాలుకోవచ్చు. యాడా లేదు. నేను చూసొచ్చినా."

"ఊఁ."

"ఉన్న నాలుగు గింజలూ బండ పాలు చేసేదెందుకు?"

"ఊఁ."

"పోనీ, చేసేదే అయితే మన కొర్రలతోనే కాచుదాం. ఊరోళ్ళ పిడికెళ్ళు మనకెందుకు?"

తాత అప్పుడు తిరిగి చూశాడు. "అప్పుడది మన అంబలే అవుతుంది గదరా," అన్నాడు.

అంతే.

ఆదివారం పొద్దున మద్దిలేటి చావిడి దగ్గరికి పోయి ఊరిని పిలిచాడు. రాజమ్మవ్వ అందరికంటే ముందొచ్చి నేలమీద చతికిలబడింది. ఆమెకు పళ్ళు ఊడిపోయి పదేళ్ళయింది, నోరు మాత్రం అట్లాగే ఉంది.

"పాశమా? నాకేది నాకైతే బాగుంటుంది నాయనా, పళ్ళతో పని లేదు," అంది. "మీ పళ్ళున్నోళ్ళే కిందా మీదా పడతారు."

నవ్వారు. ఆ నెలలో ఆ చావిట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

ఎక్కడో వెనక, స్తంభం పక్కనుంచి కంబగిరప్ప గొంతు వచ్చింది. "సామీ, బిడ్డల్ని గూడా తోలుకోని రావచ్చునా?"

"ఊరంతా రావాలని తాత చెప్పినాడు."

కంబగిరప్ప తల ఊపాడు.

అంతటితో మద్దిలేటి ఊరుకుని గుట్ట ఎక్కి ఉంటే కథే లేదు. కానీ పెద్దకాపు ఈరన్న ఉన్నాడే, ఆయన అడిగాడు. "ఏం సామీ, నువ్వు దేశమంతా చూసొచ్చినావు. చేనును చూసి చెప్పడంలో నిన్ను మించినోడు లేడు. ఉన్నమాట చెప్పు. ఈ పాశం పెడితే వాన వస్తుందా?"

అందరి కళ్ళూ మద్దిలేటి మీద నిలిచాయి. అబద్ధం ఎట్లా చెబుతాడు? చెప్పలేడు. అంతేకాదు, చెప్పాలని కూడా ఉంది. రెండు నెలల నడక గుండెల్లో బరువుగా ఉంది, ఎవరూ అడగలేదింతదాకా.

జోలె విప్పాడు. లోపలినుంచి ఒక జొన్నకంకి తీశాడు.

"ఇది పడమట రేగడి సీమది. విత్తిన మూడో రోజు ఒక జల్లు పడిందంట. అదే మొదలు, అదే కడ. నల్లనేల గదా, ఉన్న తేమతోనే మోకాలెత్తు లేచింది. కంకి తీసింది. పాలు పోసుకోలేదు." కంకిని అరచేతిలో నలిపి, ఉఫ్ అని ఊదాడు. పొట్టు గాలికి పోయింది. చేతిలో ఏమీ మిగల్లేదు.

ఎవరో నిట్టూర్చారు.

ఎండిన గడ్డిపోచ లాంటిది ఒకటి తీశాడు. "ఇది వరి నారు. దక్షిణాన చెరువుల సీమలో నారు పోసి, నాట్లకు నీళ్ళు లేక వదిలేసినారు. మళ్ళల్లో నెర్రెలు పడి, నా చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. చెరువుల నడుమన మనుషులు అడ్డదారి పెట్టుకోని నడుస్తా ఉన్నారు."

"కాలవల కింద ఎట్లా ఉంది సామీ?" అన్నాడు ఈరన్న. ఆయన వియ్యంకుడు ఆ పక్కవాడు.

"దూరంనుంచి పచ్చగానే ఉంది. నేనూ మోసపోయినా, పెద్దకాపూ. హమ్మయ్య, ఈ మూలన్నా పండింది అనుకున్నా. చేలోకి దిగి వరి వెన్ను పట్టుకుంటే తెల్లగా, తేలిగ్గా ఉంది. అంతా తాలు. కాలవ మొదట్లో ఉన్నోళ్ళకు ఒక్క తడి పారింది. చివర ఉన్నోళ్ళు నాగలే కట్టలేదు. ఇండ్ల మీది బోద పీకి పశువులకు వేస్తున్నారు."

తర్వాత జోలెలో చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీసి చూపించాడు.

"ఇది కొండసీమ. తెద్దామంటే కంకి దొరకలేదు. విత్తనాలు గూడా తినేసి గడ్డలు తవ్వుకుంటున్నారు."

మద్దిలేటి గొంతు ఇంకాస్త గట్టిపడింది.

"నూటికి పది చేలు గూడా కల్లానికి రావు. వచ్చినవాట్లోనూ విత్తనం తిరిగొస్తే గొప్ప. గాలి దిక్కు మారిపోయింది, ఇంక ఈ కార్తెల్లో వాన లేదు. తాత మాటకు ఎదురు చెప్పినానని అనుకోవద్దండి. బండమీద పోసినా, పొయ్యిలో పోసినా ఒకటే. ఇంట్లో పిడికెడు గింజలుంటే దాచుకోండి."

ఈరన్న మెల్లిగా లేచి పైగుడ్డ దులుపుకున్నాడు. "కళ్ళారా చూసొచ్చిన మనిషి చెబుతున్నాడు. ఇంక మనం అనేదేముంది," అన్నాడు. ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. రాజమ్మవ్వ కూడా చేతులు నేలకు ఆనించి లేచి పోయింది.

చివరికి కంబగిరప్ప ఒక్కడే మిగిలాడు.

"అయితే సోమవారం లేనట్టేనా సామీ?"

"లేనట్టే కంబగిరప్పా. గింజలు మిగిలినాయనుకో."

కంబగిరప్ప రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఇంకేదో అడగబోయి, అడగకుండా పోయాడు.

గుట్ట ఎక్కుతూ మద్దిలేటికి తేలిగ్గా అనిపించింది. ఊరి గింజలు కాపాడానన్న తృప్తి. తాతకు జరిగింది చెప్పాడు, దాచలేదు. తాత కోప్పడలేదు. "అట్లనా," అన్నాడు.

సోమవారం పొద్దున తాత ఉత్తకుండ ఒకటి పట్టుకుని బండ దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. పొద్దుగూకాక లేచి వచ్చాడు. మంగళవారం మళ్ళీ పోయాడు. బండ పెనంలాగా కాలుతోంది. మద్దిలేటి నీళ్ళు తీసుకుపోయి ఇచ్చి, "ఎవరూ రారు తాతా, ఎందుకీ మొండితనం?" అన్నాడు. తాత నీళ్ళు తాగి చెంబు తిరిగిచ్చాడు. బుధవారమూ అంతే.

అంబలి ముంత మాత్రం మద్దిలేటి మానలేదు. సోమవారం తీసుకుపోయాడు, మంగళవారం తీసుకుపోయాడు. "తినినాం సామీ" అనే మాటే. బుధవారం ఎంత పిలిచినా తలుపే తీయలేదు. గడపలో ఎవరూ లేరు. గడ్డల కోసం గుట్టల్లోకి పోయారేమో అనుకుని వచ్చేశాడు.

గురువారం తాత బండ దగ్గరికి పోలేదు. తకియాలో మిగిలిన కొర్రలన్నీ కుండలోకి వంచేశాడు. గాదె అడుగున అంటుకున్నవి కూడా వేలితో ఊడ్చాడు. భుజంమీది పైగుడ్డ తీసి మూతిమీద కప్పాడు.

"రేపటి అంబలికో?" అన్నాడు మద్దిలేటి.

"ఎత్తుకో," అన్నాడు తాత.

తాత ముందు నడిచి, గుట్ట దిగి ఊళ్ళోకి వచ్చాడు. మొదటి ఇంటి ముందు నిలబడి, "అమ్మా, ఒక పిడికెడు," అన్నాడు.

నలభై ఏళ్ళలో ఆ మనిషి ఒక గడప ముందు చెయ్యి చాపింది లేదు. ఆయనకు ఏం కావాలన్నా ఊరే తెచ్చి ఇచ్చేది. అట్లాంటి తాత గొంతు వీధిలో వినపడేసరికి ఇంటింటికీ తలుపులు తెరుచుకున్నాయి. ఈరన్న పరుగున వచ్చాడు. "మేం తెచ్చియ్యమా తాతా, నువ్వు రావాల్నా?" అంటూ గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. మద్దిలేటి కుండను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని ఉన్నాడు. గింజలు పడుతుంటే గలగలమని లోపలినుంచి పొట్టకు తెలుస్తోంది.

రాజమ్మవ్వ పిడికిలి ముందుకు చాపి, వెనక్కి తీసుకుంది. "నాది అర పిడికెడే తాతా."

"గుడ్డ కింద అరా నిండూ నాకేం తెలుస్తుందమ్మా?" అన్నాడు తాత.

ఇల్లిల్లూ తిరిగి కంబగిరప్ప ఇంటి ముందుకు వచ్చారు. తలుపు సగం తెరుచుకుంది. తాత మిగతా ఇళ్ళ ముందు అన్నట్టే అన్నాడు. "అప్పా, ఒక పిడికెడు."

కంబగిరప్ప చాలాసేపు కుండను చూశాడు. లోపలికి పోయాడు. లోపల ఏ కుండా కదిలిన చప్పుడు లేదు. తిరిగి వచ్చాడు. కుడిచేతి పిడికిలి మూసి ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా. దాన్ని గుడ్డ కిందికి పెట్టాడు.

మద్దిలేటి పొట్టకు ఏమీ తెలియలేదు. ఒక్క గింజ కూడా.

చెయ్యి బయటికి వచ్చింది, వేళ్ళు తెరుచుకుని. కంబగిరప్ప తల ఎత్తలేదు.

"చాలునప్పా," అన్నాడు తాత. "వేసినోళ్ళందరూ పొద్దు వాలేటప్పటికి రావాల. ఇంటిల్లిపాదీ."

కంబగిరప్ప తల ఊపాడు.

వీధి చివరిదాకా మద్దిలేటి కుండను అట్లాగే పట్టుకుని నడిచాడు. అందులో ఏముందో కొత్తగా తెలిసినట్టు, ఒలికిపోతుందేమో అన్నట్టు. ఆదివారం చావిట్లో స్తంభం పక్కనుంచి, బిడ్డల్ని గూడా తోలుకోని రావచ్చునా అని అడిగిన గొంతు గుర్తొచ్చింది.

"తాతా..." అన్నాడు.

"నడు. పొయ్యి రాజెయ్యాల," అన్నాడు తాత.

పొద్దు వాలుతుండగా ఊరంతా బండ దగ్గరికి వచ్చింది. ఆకాశం కడిగిన పళ్ళెంలాగా ఉంది, మబ్బుతునక లేదు. ఎవరూ పైకి చూడను కూడా లేదు. చల్లారిన పాశాన్ని తాత బండమీద, గుంట గుంటకూ ఇంతింత పోసుకుంటూ పోయాడు. ఈరన్న మోకాళ్ళమీద వంగాడు. ఆయన పక్కన ఆయన చేలో కూలికి పోయేవాడు వంగాడు. రాజమ్మవ్వ, "జరుగు అబ్బీ, నీ మీసం నా పాశంలో పడుతుంది," అంటూ చోటు చేసుకుంది.

కంబగిరప్ప అందరికంటే వెనక వచ్చాడు. భార్య సుంకులమ్మ, బిడ్డలు. అటూ ఇటూ చూశాడు. తలలన్నీ కిందికే ఉన్నాయి. బండ నాకేవాడికి పక్కవాడి మొహం కనపడదు. చేతులు వెనక్కి కట్టుకుని మోకాళ్ళమీదికి దిగాడు. వంగాడు. మళ్ళీ చాలాసేపటిదాకా తల ఎత్తలేదు. పక్కన బిడ్డలు బండకు మొహాలు ఆనించి, ఊపిరి కూడా తీసుకోకుండా నాకుతున్నారు.

మద్దిలేటి కొంచెం ఎడంగా నిలబడి చూస్తున్నాడు. పెద్దోడు. నడిమిది. మళ్ళీ చూశాడు. సుంకులమ్మ అటు పక్కన ఉందేమోనని చుట్టూ తిరిగి వచ్చి చూశాడు. పెద్దోడు, నడిమిది.

అందరూ లేచేదాకా ఆగి సుంకులమ్మ దగ్గరికి పోయాడు. ఆమె కొంగుతో బిడ్డల గడ్డాలు తుడుస్తోంది.

"చిన్నది రాలేదేమమ్మా?"

సుంకులమ్మ తుడవడం ఆపలేదు. "సోమవారం పాశం ఉందని చెప్పినా సామీ దానికి," అంది. "నిన్న పొద్దుటిదాకా అడుగుతా ఉండింది."

ఆమె చూపు బండకు అవతలి వాగువంక వైపు పోయింది. ఎండిన వంక గట్టున, రెండు మూరల పొడవున, కొత్త మట్టి. దానిమీద నాలుగు రాళ్ళు.

మనుషులు ఒక్కొక్కరే ఊళ్ళోకి వెళ్ళిపోయారు. కంబగిరప్ప పోతూ పోతూ తాత కాళ్ళకు దండం పెట్టాడు. మద్దిలేటికి కూడా పెట్టాడు.

బండమీద ఇద్దరే మిగిలారు. నీళ్ళు లేవు కనుక తాత ఇసుకతో కుండ తోముతున్నాడు. మద్దిలేటి వచ్చి ఆయన ఎదురుగా కూలబడ్డాడు.

"తాతా, ఆదివారం చావిట్లో నేను..."

తాత ఇంకొక గుప్పెడు ఇసుక తీసుకున్నాడు.

"నువ్వు చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు నాయనా," అన్నాడు.